మూడో మలుపు దగ్గర లెక్క

గేటక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉండదా మరి! తొమ్మిది కిలోమీటర్ల కొండదారి, ముప్ఫై ఒక్క మలుపులు, వాన పడితే జారే మట్టి, గాలి వీస్తే విరిగిపడే కొమ్మలు. ఇదంతా చూసుకోవడానికి ఒక్క మనిషి, ఒక చీపురు, ఒక పార. పైనుంచి అజమాయిషీ చెయ్యడానికి మాత్రం ఆఫీసులో పదకొండుమంది. అలాంటి ఉద్యోగం చేస్తూ నవ్వుతూ తిరిగే మనిషిని నాకొకర్ని చూపించండి, దణ్ణం పెడతాను.

ఒకప్పుడు అది కార్లు తిరిగే రోడ్డే. మూడేళ్ళ కిందట కొండలోంచి సొరంగం తవ్వి కార్లనీ లారీలనీ అటు మళ్ళించారు. పాత రోడ్డు ఊరికే పడుంది. దాన్నేం చెయ్యాలో రోడ్ల ఆఫీసువాళ్ళకి పాలుపోలేదు. చివరికి కింద ఒక ఇనప గేటు, పైన కనుమ దగ్గర ఇంకో ఇనప గేటు పెట్టి, 'సైకిళ్ళు మాత్రమే' అని బోర్డు తగిలించారు. అదైనా శాశ్వతంగానా? కాదు. మూడేళ్ళు చూస్తారట. జనం తొక్కితే ఉంచుతారట, తొక్కకపోతే గేట్లు పీకేసి మళ్ళీ కార్లు వదిలేస్తారట. సెలవు రోజుల్లో సొరంగం ముందు బండ్లు బారులు తీరుతుంటాయి, కాబట్టి వదిలెయ్యమని అడిగేవాళ్ళకేం కొదవ లేదు.

కింది గేటు పక్కన రెండు గదుల ఇల్లు ఆమెకిచ్చారు. అంబులెన్సు వస్తే గేటు తీస్తుంది, అందుకే గేటక్క. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. వయసు యాభై రెండు. అంతకుముందు బస్సు డిపోలో ఊడ్చేది. మొగుడు గుండెపోటుతో పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్తగారు, ఇద్దరే.

అత్తగారికి డెబ్భై ఆరేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. నాలుగడుగులు వేస్తే నాలుగు నిమిషాలు ఆగాలి. నోటికి మాత్రం ఏ అరుగుదలా లేదు. నడవొద్దు గానీ మెల్లగా తొక్కితే మంచిదని డాక్టరు చెప్పడంతో, మూతపడిన లాండ్రీ ఒకటి అమ్మేస్తుంటే గేటక్క వెళ్ళి మూడు చక్రాల సైకిలు కొనుక్కొచ్చింది. వెనక బట్టల మూటలు పెట్టుకునే పెద్ద బుట్ట. మొదటి రోజు అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, "నన్ను ఎక్కించి ఎవరింటికి డెలివరీ చేస్తావే?" అంది.

పదకొండో మలుపు దగ్గర అత్తగారి చెల్లెలు ఉంటుంది. తుంటి ఎముక విరిగి మంచం మీదే ఉంది. వారానికి మూడు రోజులు అత్తగారు నాలుగు కిలోమీటర్లూ తనంతట తనే తొక్కుకుంటూ వెళ్తుంది. గుర్రబ్బండ్ల కాలంలో వేసిన రోడ్డు కాబట్టి ఎక్కడా నిలువుగా ఎక్కదు. వెళ్ళి చెల్లెలికి తల దువ్వుతుంది, గోళ్ళు తీస్తుంది, అరవై ఏళ్ళ కిందట ఎవరి గౌను ఎవరు చింపారో మళ్ళీ ఒక దఫా పోట్లాడుతుంది, తిరిగొస్తుంది. గేట్లు రాకముందు చెల్లెల్ని చూడాలంటే చిన్నకొడుకు వ్యాను కోసం కాచుకునేది. "రేపు తీసుకెళ్తానమ్మా" అనేవాడు. ఒక ఏడాదైతే ఆ రేపు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ కిటికీ పక్కన కూర్చుని రోడ్డుకేసి చూసిన చూపు గేటక్క మర్చిపోలేదు. కార్లొస్తే మూడు చక్రాల బండి మూలపడుతుంది, ఆవిడ మళ్ళీ ఆ కుర్చీలో పడుతుంది. గేట్లంటే గేటక్కకి అదీ లెక్క. మిగతావాళ్ళు గాలీ ఆరోగ్యం అని ఏం చెప్పుకున్నా ఆమెకి పట్టదు.

అందుకే ఆ దారిని ఆమె చూసుకునే పద్ధతే వేరు. పొద్దున ఆరింటికి తన సైకిలు ముందు బుట్టలో ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టుకుని బయల్దేరుతుంది. ఎక్కడ నీళ్ళు ఒలికితే అక్కడ దిగుతుంది. ఒలికిందంటే అక్కడ గతుకుందన్నమాట. రాయైతే తీసేస్తుంది, గుంటైతే పూడుస్తుంది, వేరు లేచి ఉంటే కోసేస్తుంది. మళ్ళీ వెనక్కొచ్చి గ్లాసు నింపుకుని తొక్కి చూస్తుంది. ఒలక్కపోతే ముందుకెళ్తుంది. గతుకొచ్చినప్పుడల్లా అత్తగారి మోకాలు సూదితో పొడిచినట్టుంటుందట. గేటక్క ఆ సూదులన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటూ వచ్చింది. సైకిలు నేర్చుకున్నదే నలభై తొమ్మిదో ఏట, ఈ దారి మీదే. అలాంటిది మూడేళ్ళలో ఆ దారి ఎలా తయారైందంటే, నిండు గ్లాసుతో బయల్దేరితే పై గేటు దాకా చుక్క ఒలికేది కాదు. ఇది నేను పొగడ్డం కాదు. పోస్టామె ఒకసారి పందెం కాసి ఓడిపోయింది.

మూడో ఏడు, బయటివాళ్ళు ఎక్కువగా వచ్చే సీజను మొదట్లో, ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టుండే మనిషి. మూడో మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు పరిచి మేకులు కొట్టాడు. వాటి చివర స్తంభానికి ఒక పెట్టె గొలుసుతో కట్టాడు. పెట్టె మీద ఎర్రగా ఒక చిన్న దీపం.

"ఇది సైకిళ్ళని లెక్కపెడుతుంది. లెక్క ఫోనులో ఆఫీసుకే వచ్చేస్తుంది. మీరు దీన్ని ముట్టుకోవద్దు" అన్నాడు.

"నేనెందుకు ముట్టుకుంటానండీ" అంది గేటక్క.

అంతే. అంతకు మించి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. మూడేళ్ళ కష్టాన్ని తేల్చే మిషనాయె, అయిదు నిమిషాలు నిలబడి ఇది ఇలా పనిచేస్తుందమ్మా అని చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఆ ఎర్రదీపమే కన్ను అనుకుంది గేటక్క. వచ్చేపోయేవాళ్ళని ఆ కన్నే చూసి లెక్కపెడుతోందని, రబ్బరు గొట్టాలు పెట్టె కదలకుండా కట్టిన తాళ్ళలాంటివని అనుకుంది. మీరైనా, నేనైనా అదే అనుకుంటాం.

మర్నాడు పొద్దున మూడో మలుపు దగ్గర గ్లాసులో నీళ్ళు ఒలికాయి. గొట్టాల మీద రెండుసార్లు టకటకమంది. ఆ మధ్యాహ్నం అత్తగారు తిరిగొచ్చి, "ఆ నల్లపాములు ఎవడు పెట్టాడే? ప్రాణం పోయింది" అంది. వారం తిరక్కుండా, వాన పడ్డ రోజున పోస్టామె ఆ గొట్టం మీద జారి మోచెయ్యి గీసుకుంది.

గేటక్క ఊరుకునే రకమా! గొట్టాలు ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. గొట్టాలకీ కొండగోడకీ మధ్య ఒక బారెడు జాగా ఉంది. దాంట్లో నీళ్ళు పోయే కాలవ. రెండు రోజులు కంకర మోసి, కాలవలో నీళ్ళకి తూము వేసి పూడ్చి, దిమ్మిసకొట్టి, పైన ఒక పెద్ద రాతి పలకని గునపంతో జరిపి జరిపి కూర్చోబెట్టింది. మూడోనాడు గ్లాసు పెట్టుకుని దాని మీంచి తొక్కింది. చుక్క ఒలకలేదు. తృప్తిగా ఒక అట్టముక్క మీద 'ఇటు రండి, నున్నగా ఉంటుంది' అని రాసి, బాణం గుర్తేసి స్తంభానికి కట్టింది. నాలుగు నెలల సీజనులో ఆ దారిన పోయినవాళ్ళంతా, ఏ కొద్దిమందో తప్ప, ఆ పలక మీంచే పోయారు. పోతూ పోతూ ఆమెని దీవించారు కూడాను.

సీజను అయిపోయాక ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రోజుకి సగటున నూట యాభై సైకిళ్ళు రావాలి, మీ దారిన వచ్చినవి నలభై ఒకటి, కాబట్టి వచ్చే నెల ఒకటో తారీకు నుంచి గేట్లు తొలగించడమైనది. 'తొలగించబడును' కూడా కాదు, తొలగించడమైనది! ఇంకా తొలగించకుండానే!

గేటక్క ఒంటికాలి మీద లేచింది. చీపురు కింద పడేసి, ఆ ఉత్తరం పట్టుకుని, పన్నెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ ఆఫీసుకి వెళ్ళింది. ఇంజనీరు బల్ల ముందు నిలబడి కాగితం దాని మీద టపీమని కొట్టింది.

"నలభై ఒకటా? ఒక్క స్కూలు టీచర్లే ఇరవైమంది వస్తారు! కనుమ మీద హోటలు వంటవాళ్ళు, నర్సులు, పాలాయన, పోస్టామె రోజుకి రెండుసార్లు, మా అత్తగారు! ఇక సెలవు రోజుల్లో బయటివాళ్ళని చూస్తే ఊపిరాడదు. నలభై ఒకటట!"

"మిషను అబద్ధం చెప్పదండీ" అన్నాడు ఇంజనీరు.

"అయితే నేను చెబుతున్నానా?"

"అలా అన్లేదు..."

"అన్లేదు గానీ అన్నారు. రండి. వచ్చి నా పక్కన కూర్చోండి. మీ కళ్ళతో మీరు లెక్కపెట్టండి. రాకపోతే నేనిక్కణ్ణుంచి కదల్ను."

నిజంగానే కదల్లేదు. సాయంత్రం అయిదింటికి అతను చేతులెత్తేసి, రేపు వస్తానన్నాడు.

మర్నాడు వచ్చాడు పాపం. ఇద్దరూ మూడో మలుపు దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నారు. ఇంజనీరు ముందు తనే గొట్టాల మీంచి నాలుగుసార్లు సైకిలు తొక్కి, ఫోను చూసుకుని, "నాలుగు వచ్చాయి. మిషను బాగానే ఉంది" అన్నాడు. ఇంతలో పోస్టామె వచ్చింది. అలవాటుగా పలక మీంచి సర్రున పోతూ "ఏం గేటక్కా, పెళ్ళిచూపులా?" అని నవ్వింది. తర్వాత ఇద్దరు టీచర్లు, పలక మీంచి. తర్వాత వంటవాడు, పలక మీంచి. ఇంజనీరు ఫోనులో అంకె కదల్లేదు. అతను ఫోనుకేసి చూశాడు, గొట్టాలకేసి చూశాడు, పలకకేసి చూశాడు.

"ఈ పలక ఎవరు వేశారు?"

"నేనే! ఎంత బాగా కూర్చుందో చూశారా, వేలు దూరే సందు లేదు" అంది గేటక్క. ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటికొచ్చిందో లేదో, అతని మొహం చూసింది.

"చక్రం గొట్టాన్ని నొక్కితేనే లెక్క పడుతుందండీ" అన్నాడతను మెల్లగా. "ఆ దీపం ఉత్తినే. కరెంటుందని చెప్పడానికి."

గేటక్క లేచి ఆ బాణం గుర్తు దగ్గరికి వెళ్ళింది. నాలుగు నెలలు! వందలమందిని, బాణం గుర్తేసి మరీ, చెయ్యి పట్టుకున్నట్టు పక్కకి తప్పించింది. ఆ గొట్టాలు కొట్టినవాడి మీద కోపం, చెప్పని నోటి మీద కోపం, అడగని తన నోటి మీద కోపం. ఎవర్ని తిట్టాలో తెలియక ఆ అట్టముక్క పీకి, చింపి, చిన్నచిన్న ముక్కలు చేసి, మళ్ళీ ఆ ముక్కలన్నీ తనే ఏరుకుంది. దారి మీద చెత్త ఉండకూడదు కదా, ఖర్మ!

ఆ సాయంత్రం పోస్టామె సలహా చెప్పింది. "పలక పీకేసి, మిషను చెడిందని చెప్పెయ్ గేటక్కా. ఇంజనీరు మంచివాడే, నోరెత్తడు."

"పలక నాది. తప్పు నాది. మిషను మీదకి తోస్తే రేపు వాళ్ళింకో మిషను తెస్తారు, నేనింకో అబద్ధం తేవాలి. అంత తెలివి నాకు లేదులే" అంది గేటక్క. గునపం పట్టుకుని తనే వెళ్ళి పలక లేపేసింది. వెయ్యడానికి రెండు రోజులు పట్టింది, తియ్యడానికి అరగంట.

కమిటీ మీటింగు ఆఫీసు పై అంతస్తులో. పొడుగు బల్ల, అయిదుగురు మెంబర్లు, మధ్యలో చీఫ్‌గా కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. గోడ పక్కన బెంచీ మీద వ్యాన్ల డ్రైవర్ల తరఫున మరిది కూర్చున్నాడు. అంటే అత్తగారి చిన్నకొడుకు, ఆ ఎనిమిది నెలల 'రేపు' తాలూకు మనిషి. పాత రోడ్డు తెరిస్తే కనుమ మీద హోటలుకి రోజుకి ఆరు ట్రిప్పులు వేసుకోవచ్చని అతని ఆశ. వదిన్ని చూసి ఇబ్బందిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

గేటక్క లేచి నిలబడి, గ్లాసు దగ్గర్నుంచి పలక దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక మెంబరు నవ్వాపుకోలేక దగ్గాడు. కళ్ళజోడావిడ మాత్రం నవ్వలేదు.

"మీరు చెప్పింది నమ్ముతున్నాను. కానీ నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేం. ఏడు రోజులిస్తాను. ఏడు రోజుల్లో మొత్తం వెయ్యీ యాభై రావాలి. ఆ ఏడు రోజులూ మీరు మిషను దగ్గర ఆగకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటండి, అంతే. ఈసారి ఎవరు ఏ వేషం వేసినట్టు తేలినా లెక్క మొత్తం రద్దు. మళ్ళీ అడగొద్దు."

సీజను అయిపోయాక, వానల ముందు, వెయ్యీ యాభై! అయినా సరేనంది గేటక్క. అనక ఏం చేస్తుంది?

ఊరంతా తిరిగింది. స్కూలుకి, ఆస్పత్రికి, హోటలు వంటింటికి, అందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకుంది. "మామూలుగా వచ్చేవాళ్ళు మామూలుగా రండి చాలు, గొట్టాల మీంచి రండి, అంతే" అని చెప్పింది. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దుట్నుంచి కుండపోత. కొండ పైభాగంలో రోజంతా మట్టి ఎత్తిపోసి, తడిసి ముద్దై ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడింది. ఏ దెబ్బకీ కళ్ళు చెమ్మగిల్లని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

కుర్చీలోంచి అత్తగారు అడిగింది. "ఎంతమంది వచ్చారే?"

"ఎవరొస్తారత్తయ్యా ఈ వానలో! యాభైమంది కూడా వచ్చుండరు. నేను నిలబడి చూడ్డానిక్కూడా లేదాయె. అయిపోయింది. నా చేత్తో నేనే ముంచేశాను."

అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం అనేది ఏడాదికోసారి కూడా జరగదు. గేటక్క ఆ బాధలో అది గమనించుకోలేదు.

నాలుగో రోజు నుంచి తెరిపిచ్చింది. ఎండ కాసింది. పైన పని చేస్తుంటే జనం బాగానే కనబడ్డారు. టీచర్లు వాళ్ళ మొగుళ్ళనీ పెళ్ళాలనీ కూడా తీసుకొచ్చారు. గేటక్కకి కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో మాత్రం అత్తగారు సాయంత్రమయ్యేసరికి కుర్చీలోంచి లేవలేకపోతోంది. మోకాళ్ళు రెండూ వాచిపోయాయి.

"చెల్లెలి దగ్గరికి రోజూ వెళ్తున్నావా ఏంటి? వారానికి మూడు రోజులని డాక్టరు చెప్పలేదూ?" అని గేటక్క కేకలేసింది.

"దానికి ఒంట్లో బాగాలేదే. నా కాళ్ళు నా ఇష్టం" అని అత్తగారు వేడినీళ్ళ సంచి మోకాలి మీద పెట్టుకుని మొహం తిప్పుకుంది.

ఎనిమిదో రోజున పై అంతస్తులో మళ్ళీ అదే బల్ల, అదే బెంచీ, దాని మీద అదే మరిది. ఇంజనీరు కాగితం పట్టుకుని లేచాడు.

"మొత్తం పద్నాలుగు వందల పన్నెండు" అన్నాడు.

గేటక్క ఒక్క ఉదుటున లేచి నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు ఆమెకేసి చూడకుండా మిగతాది చదివాడు.

"అందులో మూడువందల పద్దెనిమిది అనుమానాస్పదం. రెండు గొట్టాలుంటాయి కాబట్టి వేగం కూడా తెలుస్తుంది. నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా, ప్రతిరోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఆఖరి రోజు మాత్రం పన్నెండున్నర దాకా, ఒకే బండి పైకీ కిందకీ, పైకీ కిందకీ... దాదాపు ఒకటిన్నర నిమిషానికోసారి దాటింది. వేగం గంటకి నాలుగు కిలోమీటర్లు."

గంటకి నాలుగు కిలోమీటర్లు! ఆ వేగంతో రెండు చక్రాల సైకిలు నిలబడదు, పడిపోతుంది. గేటక్క తల తిప్పి బెంచీకేసి చూసింది. మరిది ఆమెకేసే చూస్తున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళమ్మ బండి అతనికి తెలియదా?

"లెక్క రద్దు" అంది కళ్ళజోడావిడ.

"ఎందుకు రద్దు?" గేటక్క అరిచింది. "మూడువందల పద్దెనిమిదీ తీసెయ్యండి! తీసేస్తే ఎంత?"

ఇంజనీరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "వెయ్యీ తొంభై నాలుగు."

"వెయ్యీ తొంభై నాలుగు! అడిగింది వెయ్యీ యాభై! నలభై నాలుగు ఎక్కువ! నిజంగా తొక్కినవాళ్ళు, వానలో తడిసి తొక్కినవాళ్ళు, సరిపోయారు కదా! సరిపోయారు కదండీ!"

"ఒకచోట దొంగలెక్క ఉందని తెలిశాక మిగతాది నిజమని ఎవరు సంతకం పెడతారు? ముందే చెప్పాను మీకు." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకూ బాధగానే ఉంది. ఎవరు చేశారో మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? నన్ను మిషను దగ్గర నిలబడొద్దన్నది మీరు కాదూ?" అంది గేటక్క. ఆ గదిలో ఇక నిలబడితే బల్ల తిరగేస్తానేమోనని భయమేసి బయటికొచ్చేసింది. నాకైతే ఆ బల్ల తిరగేసుంటే బాగుండేదనిపిస్తుంది. నలభై నాలుగు ఎక్కువ వచ్చి ఓడిపోయిన లెక్క ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా?

మెట్ల దగ్గర మరిది పట్టుకున్నాడు. "వదినా, అమ్మేనా?"

"నోర్మూసుకో."

"నేను దింపుతాను వదినా. ఒట్టు. వారానికి మూడుసార్లు నేనే పిన్ని దగ్గరికి తీసుకెళ్తాను."

"దింపేవాళ్ళు లేక తొక్కిందనుకున్నావా ఆవిడ? తనంతట తను వెళ్ళాలని తొక్కింది. నీ వ్యాను గుమ్మం ముందుకొచ్చి హారన్ కొడితే తయారై కూర్చోవాలని కాదు." రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగింది. "నువ్వు గెలిచావు కదా, వెళ్ళి ట్రిప్పులేసుకో. ఒక్కటి మాత్రం విను. ఈ మూడువందల పద్దెనిమిది సంగతి ఆవిడ చెవిన పడిందో, నిన్ను మాత్రం వదిలిపెట్టను."

"చెప్పను వదినా" అన్నాడు. వ్యాను వైపు వెళ్ళకుండా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

పన్నెండు కిలోమీటర్లూ గేటక్క తిట్టుకుంటూనే తొక్కింది. అత్తగార్నే తిట్టింది. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ముసలి బుర్రకి ఈ తెలివితేటలెందుకు? కాళ్ళు పోగొట్టుకుని, దారి పోగొట్టుకుని! మామూలుగా రండి చాలని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పి, సొంతింట్లో మనిషికి చెప్పలేదే నేను! పైగా గుమ్మంలో కూర్చుని యాభైమంది కూడా లేరని ఏడ్చింది నేనే కదా! ఇంటికెళ్ళి కడిగి పారేద్దామనుకుంది. ఏమేం అనాలో మాటలన్నీ పేర్చుకుంది. గేటు దగ్గర సైకిలు దిగేసరికి అన్నీ నాలిక చివర ఉన్నాయి.

అత్తగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు మోకాళ్ళ మీదా తడిగుడ్డలు. కోడల్ని చూడగానే కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది, లేవలేకపోయింది.

"ఏమన్నారే?"

"గేట్లు తీసేస్తారట. ఒకటో తారీకున."

అత్తగారి మొహం వాడిపోయింది. తర్వాత కోడల్ని దగ్గరికి రమ్మని సైగ చేసి, పక్కనెవరూ లేకపోయినా గొంతు తగ్గించింది.

"నీకు చెప్పలేదు గానీ, నేను కూడా నా వంతు చేశానే. నాలుగు రోజులు, ఆ గొట్టాల మీంచి అటూ ఇటూ, అటూ ఇటూ. పోస్టామె అడిగితే మోకాళ్ళకి వ్యాయామం అన్నాను. మూడొందలు దాటాక లెక్క తప్పాను. నువ్వలా ఏడుస్తుంటే చూడలేకపోయానే." ఆవిడ గేటక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చాల్లేదా? నావి ఇంకొన్ని పడుంటే సరిపోయేదా? ఆఖరి రోజు నొప్పి ఓర్చుకోలేక పన్నెండున్నరకే వచ్చేశాను. అరగంట ముందు వచ్చేశానే."

పేర్చుకున్న మాటలన్నీ గేటక్క నోటి దాకా వచ్చాయి. వాచిన ఆ మోకాళ్ళకేసి చూసింది. కింద కూర్చుని, ఆరిపోయిన గుడ్డలు తీసి, బకెట్లో ముంచి పిండి, మళ్ళీ వేసింది.

"నీవి చాలానే పడ్డాయత్తయ్యా. కాగితంలో చూశాను. నీ అంత ఎవరూ తొక్కలేదు. మిగతావాళ్ళే రాలేదు."

"రాలేదా?"

"రాలేదు. వాన కదా."

అత్తగారు నిటారుగా కూర్చుంది. కళ్ళల్లోకి మళ్ళీ పాత కోపం వచ్చింది. "సోమరిపోతులు! ఆ టీచర్లు ఏమయ్యారట? చినుకు పడితే కరిగిపోతారా? ఆ వంటవాడికి ఒళ్ళొంగదని నేనెప్పుడో అన్నాను. డెబ్భై ఆరేళ్ళదాన్ని నేను తొక్కానే, వీళ్ళకేం రోగం?"

"అదే కదా" అంది గేటక్క. వానలో తడిసి వచ్చిన టీచర్లని, వంటవాళ్ళని, నర్సులని, ఆ వెయ్యీ తొంభై నాలుగుమందినీ పేరుపేరునా అత్తగారితో కలిసి తిట్టింది. అత్తగారు ఒకర్ని మర్చిపోతే తనే గుర్తుచేసి మరీ తిట్టింది.